ఓబదయ్య మొక్కుబడి

ఉప్మా చల్లారిపోతోంది. ప్రార్థన మాత్రం ఇంకా అవలేదు.

"పరలోకమందున్న మా తండ్రీ," అంది కృపామణి గట్టిగా కళ్ళు మూసుకుని. "ఈ ఆహారం కోసం నీకు స్తోత్రం. కొంతమంది ఉన్నారు తండ్రీ, కన్నతల్లిని ఒక్క మాట అడక్కుండా, పాతికమంది ముందు లేచి, కూతుర్ని నీ సేవకి పంపిస్తున్నానని సాక్ష్యం చెప్పేస్తారు. అలాంటివాళ్ళకి కాస్త బుద్ధి ప్రసాదించు."

"ఆమెన్," అన్నాడు ఓబదయ్య, స్పూను అందుకుంటూ.

"నేనింకా ముగించలేదు ప్రభువా," అంది కృపామణి.

ఓబదయ్య స్పూను కింద పెట్టి తనూ కళ్ళు మూసుకున్నాడు. "దేవా, నీ దాసుడు పద్దెనిమిదేళ్ళ కిందట నీకిచ్చిన మాట నిలబెట్టుకునే రోజు వస్తే, సొంత ఇంట్లోనే అడ్డం పడుతున్నారు. వాళ్ళ మనసు మెత్తబరచు. వారం రోజులుగా ఈ ఇంట్లో పప్పులో ఉప్పు ఉండటం లేదు. అది కూడా నీ దృష్టికి తెస్తున్నాను."

"ఆయనకి బీపీ నూట యాభై ఉందని కూడా నీకు తెలుసు తండ్రీ. నర్సుని నేను."

ఇద్దరి మధ్యా కూర్చున్న జాయ్సీ ఒక కన్ను తెరిచి ఉప్మా వంక చూసింది. నవ్వొచ్చింది. నవ్వితే ఇద్దరూ కలిసి తన మీద పడతారు. ఇంట్లో ఆ ఒక్క విషయంలోనే ఐకమత్యం మిగిలింది.

పోయిన శుక్రవారం నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. చెప్పుకోవలసినవేమైనా ఉంటే పూటకోసారి దేవుడికి చెబుతారు. ఆయన వింటాడో లేదో గానీ ఎదుటివాళ్ళు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వింటారు. కావాల్సిందీ అదే.

"ఆమెన్," అంది చివరికి కృపామణి. "జాయ్సీ, మీ నాన్నని అడుగు, కేకు మీద ఈ వారం ఎవరి పేరు రాయించాలో."

"నాన్నా, కేకు..."

"సువార్తమ్మక్క పేరని చెప్పు మీ అమ్మకి."

"మూడు వారాల కిందటే ఆవిడ పుట్టిందని చెప్పు."

సౌదీలోని యాన్బులో వీళ్ళ ఇంట్లో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు పుడుతూనే ఉంటారు. ఇక్కడ చర్చి ఉండదు కాబట్టి ప్రార్థనకి పిలవాలంటే "బర్త్‌డేకి రండి" అని పిలుస్తారు. బల్ల మీద కేకు, గోడకి రెండు బెలూన్లు తప్పనిసరి. సందు చివర బేకరీలో పనిచేసే బంగ్లాదేశీ ఆయన ఒకరోజు ఉండబట్టలేక, "భాయ్, ఆప్‌కే కిత్‌నే బచ్చే హై?" అని అడిగేశాడు. ఒక్కతే అని చెప్పడానికి ఓబదయ్యకి నోరు రాలేదట.

ఆ ఒక్కతే ఇప్పుడు తగువంతటికీ కారణం.

జాయ్సీకి యెరూషలేములో ఒక చిన్న విద్యాసంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ప్లస్ టూ అయి, కాలేజీలో చేరే ముందు ఒక ఏడాది విరామం తీసుకున్న పిల్లలు అక్కడికి వచ్చి యూదుల చరిత్ర చదువుకుంటారు. ఎక్కువమంది యూదుల పిల్లలే. బయటివాళ్ళకి నాలుగంటే నాలుగు సీట్లు. తను రాసి పంపిన వ్యాసం నచ్చి అందులో ఒకటి జాయ్సీకి ఇచ్చారు. ఖర్చంతా వాళ్ళదే. వస్తుందో రాదో ఆదివారంలోపు చెప్పమన్నారు.

ఉత్తరం మొదటి పేజీలో యెరూషలేము అనీ, బైబిల్ కాలం అనీ చూడగానే ఓబదయ్య సోఫా పక్కనే మోకాళ్ళ మీద పడిపోయాడు. రెండో పేజీ తిప్పలేదు. కూతురు బైబిల్ ట్రైనింగ్‌కి ఎంపికైందనుకున్నాడు. ఆ శుక్రవారమే అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పేశాడు.

జాయ్సీ అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆ పొరపాటు అలా ఉంటేనే నాన్న పంపిస్తాడని అర్థమై, బుద్ధిమంతురాలిలా తల వంచుకుని కూర్చుంది. వారం నుంచి ఆ అబద్ధం ఆమెకి అన్నం సహించనివ్వడం లేదు.

"మీ అమ్మకి చెప్పు," అన్నాడు ఓబదయ్య ఉప్మా తింటూ. "ఆదివారం పొద్దున మా కంపెనీ కాగితాల పని చూసే మందూబ్ అందరికీ ఇక్కడుండే ఇఖామాలు రెన్యూ చేయిస్తాడు. ఆలోపు ఈ దేశం వదిలి పూర్తిగా వెళ్ళిపోయే ఫైనల్ ఎగ్జిట్ పెట్టకపోతే, కుటుంబాల మీద వేసిన లెవీ నీక్కూడా ఇంకో ఏడాదికి కట్టాలి. ఈ నెల నుంచి అది రెట్టింపు."

"డబ్బు కోసం పిల్లని పంపేస్తున్నారా అని అడుగు."

"డబ్బు కోసం కాదని చెప్పు!"

"మరి సెలవు మీద పంపించి మళ్ళీ రప్పించుకోవచ్చు కదా అని అడుగు."

"పెద్దూరు వెళ్ళొచ్చిన పాస్‌పోర్టు చూసి ఈ దేశంలోకి మళ్ళీ రానిస్తారా అని అడుగు మీ అమ్మని!"

పెద్దూరు అంటే యెరూషలేము. ఈ దేశంలో ఆ పేరు ఫోన్లో అనడం మంచిది కాదని అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు ఇంట్లో కూడా అదే నోట్లోకి వస్తోంది.

"ఇద్దరూ ఎదురెదురుగానే ఉన్నారు," అంది జాయ్సీ లేస్తూ. "నేను స్నానానికి వెళ్తున్నా. ఈలోపు నేరుగా మాట్లాడుకోండి."

స్నానం చేసి వచ్చేసరికి హాల్లో పని నడుస్తోంది గానీ మాటలు నడవడం లేదు. ఓబదయ్య కుర్చీలు వేస్తున్నాడు. కృపామణి వాటిని ఒక్కొక్కటే రెండంగుళాలు పక్కకి జరుపుతోంది.

ఎగ్జిట్ పెట్టాల్సిన సర్కారు యాప్ అబ్షిర్ ఉన్నది ఓబదయ్య ఫోన్లో. నొక్కాల్సిందీ ఓబదయ్యే. కానీ కృపామణి ఊఁ అనకుండా ఆ మీట నొక్కే ధైర్యం ఓబదయ్యకి లేదు. ఊఁ అనే ఉద్దేశం కృపామణికి లేదు.

జాయ్సీ వంటింట్లోకి వెళ్ళి తల్లి వెనక నిలబడింది.

"అమ్మా, అసలు నీకెందుకు ఇష్టం లేదు?"

కృపామణి బిర్యానీ గిన్నె మీద మూత పెట్టి, దాని మీద బరువు పెట్టి, అప్పుడు చెప్పింది.

"నువ్వు ఏడో నెలలో పుట్టావ్. ఇక్కడే, మా హాస్పిటల్లోనే. ఇరవై రోజులు గాజుపెట్టెలో ఉన్నావు. మీ నాన్న బయట కారిడార్లో మొక్కుకున్నాడు, ఈ బిడ్డ బతికితే నీ సేవకే ఇచ్చేస్తానని. నన్నడగలేదు. నాకింకా మత్తు దిగలేదు."

"నాకు తెలుసు. ప్రతి పుట్టినరోజుకీ చెప్తాడుగా."

"మా అక్కనీ అలాగే ఇచ్చేశారే మా నాన్న. యాభై రెండేళ్ళు దానికి. ఇప్పటికీ మిషన్ వాళ్ళు పంపిన ఊరు వెళ్తది, వాళ్ళు పెట్టిన చీర కట్టుకుంటది. సంతోషంగానే ఉందేమో. కానీ నీకేం కావాలే అని దాన్ని ఎవరూ అడగలేదు. నిన్ను అట్టా పోనివ్వను. అంతే."

జాయ్సీ ఇంకో అడుగు ముందుకేసింది. నోరు తెరిచింది. "అమ్మా, అసలు అది..."

"ఏమ్మే కృపా!" అంటూ వెనక తలుపు తోసుకుని పైఅంతస్తు కరీమున్నీసా వచ్చేసింది. కడప మనిషి. కృపామణి పనిచేసే వార్డులోనే ఆయా. పన్నెండేళ్ళుగా ఈ వంటింట్లోకి ఆమె ఏనాడూ తలుపు కొట్టి రాలేదు. "పాప పెద్దూరికి పోతాందంటనే! నాకు చెప్పకుండా ఊరంతా చెప్పుకుంటాండారు!"

"నాక్కూడా చెప్పలేదులే," అంది కృపామణి.

కరీమున్నీసా కొంగు ముడి విప్పి మడత పెట్టిన కాగితం తీసింది. "ఇదో పాపా. మా ఇంటాయన కాలేషా పనిజేసే బట్టలంగట్లో సెప్టెంబరు నుంచి ఈ దేశపోళ్ళనే పెట్టాలంట. అక్సా మస్జిద్ కాడికి పోతావు గదా, ఆయప్ప పేరు జెప్పి ఒక్క దువా చెయ్యి. నువ్వు జేసినా వింటాడులే దేవుడు."

జాయ్సీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చేస్తానాంటీ. కానీ నేను దువాలు చెయ్యడానికి వెళ్ళట్లేదు."

"మరి దేనికి పోతాండావు?"

"చదువుకోడానికి."

"ఏం సదువు?"

కాలింగ్ బెల్ మోగింది. కృపామణి గరిటె పట్టుకుని కూతురి మొహంలోకే చూస్తూ నిలబడిపోయింది. బెల్ మళ్ళీ మోగింది.

పదకొండింటికి అందరూ వచ్చేశారు. అలవాటు ప్రకారం ఒకేసారి కాకుండా ఇద్దరిద్దరుగా వచ్చారు. టీవీ పెట్టారు, ఏసీ గట్టిగా పెట్టారు, పాట మెల్లగా పాడారు. నిరుడు ఈ హాల్లో కుర్చీలు చాలక పిల్లల్ని మంచం మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఈ ఏడు లెవీ భయంతో భార్యాపిల్లల్ని ఇంటికి పంపేసిన మగవాళ్ళు ఒక్కళ్ళే వచ్చి, ఒక్కళ్ళే కేకు తిని వెళ్తున్నారు.

కానీ ఈ శుక్రవారం అందరి మొహాలూ కళకళలాడుతున్నాయి. ఎందుకంటే అందరి చేతుల్లోనూ సీసాలున్నాయి.

నీళ్ళ సీసాలు, తేనె సీసాలు, దగ్గుమందు సీసాలు. యొర్దాను నీళ్ళకి. వాటి పక్కన ప్రార్థన చీటీలు. బెల్లం డబ్బాలో వేసిన చీటీలే అరవై దాకా ఉన్నాయి. అవన్నీ జాయ్సీ తీసుకెళ్ళి పుణ్యస్థలాల్లో పెట్టాలి.

"నాది చిన్న సీసాయేలే," అంది సువార్తమ్మ, రెండు లీటర్ల సీసా బల్ల మీద పెడుతూ. సువార్తమ్మ ఐసీయూ హెడ్ నర్సు. ఈ సహవాసంలో పెద్ద. ఆమె ముందు డాక్టర్లే నిలబడి మాట్లాడతారు. "మా చిన్నోడికి పెళ్ళి కుదిరితే ఆ నీళ్ళు కలిపే స్నానం చేయిస్తా."

పాటలయ్యాయి. సాక్ష్యాల సమయం వచ్చింది. ఓబదయ్య ఎప్పటిలాగే, "సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా? పోయినవారం చెప్పినదాంట్లో దిద్దుకోవాల్సినవాళ్ళున్నారా?" అని అడిగాడు.

ఆ రెండో ప్రశ్న ఓబదయ్య పెట్టిందే. ఒక బ్రదర్ సిగరెట్లు మానేశానని కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పి, కిందికి దిగి మెట్ల దగ్గరే ఒకటి వెలిగించాడు. అప్పట్నుంచి ఈ ఇంట్లో అబద్ధపు సాక్ష్యం చెప్పినవాళ్ళు లేచి అందరి ముందూ దిద్దుకోవాలి. ఆ తర్వాత ఎవరూ దిద్దుకున్న దాఖలా లేదు.

జాయ్సీ లేచింది.

"నేను దిద్దాలి. నాన్న చెప్పిన సాక్ష్యంలో తప్పుంది. తప్పు నాన్నది కాదు, నాది."

ఓబదయ్య చిరునవ్వుతోనే చూస్తున్నాడు. వినయం కొద్దీ ఏదో అంటోందనుకున్నాడు పాపం.

"నేను వెళ్ళేది బైబిల్ ట్రైనింగ్‌కి కాదు. అక్కడ చెప్పేది యూదుల చరిత్ర. బైబిల్ కాలం మొదటి నెలలోనే అయిపోద్ది. మిగతాదంతా ఆ తర్వాత వాళ్ళు దేశదేశాల్లో ఎలా బతికారన్నదే. స్పెయిన్లో, పోలండులో, యెమెన్లో, మన కొచ్చిన్లో. కొన్నిచోట్ల చర్చివాళ్ళే వాళ్ళని తరిమేశారు. అది కూడా చదవాలి. అదంతా రెండో పేజీలో ఉంది. నాన్న మొదటి పేజీ దగ్గరే మోకాళ్ళేశాడు. రెండోది చూడమని నేను చెప్పలా. చెప్తే పంపరని భయపడ్డా." తండ్రి వైపు తిరిగింది. "ఏడాది అయ్యాక నేను సేవకురాలిగా రాను. మామూలుగా వస్తా. క్షమించండి."

టీవీలో ఎవరో వంట చేసి చూపిస్తున్నారు. సువార్తమ్మ రిమోటు తీసి దాన్ని ఆపేసింది.

"కూర్చోమాకు," అంది సువార్తమ్మ. "చెప్పు. ఎందుకే నీకు ఆ చరిత్ర? మన చరిత్రలే మనకి బోలెడున్నాయిగా?"

జాయ్సీ బల్ల అంచు పట్టుకుంది.

"అమ్మగారూ, నిరుడు నా క్లాసులో నలభై మందిమి. పరీక్షలు రాసేనాటికి ఇరవై రెండు. పోయినోళ్ళంతా ఇక్కడే పుట్టినోళ్ళు. ఇఖామా అయిపోయిందంటే పెట్టె సర్దుకోవాల్సిందే. మీరు ముప్పై ఏళ్ళుగా ఉన్నారు, మీకైనా అంతే కదా? వాళ్ళు రెండువేల ఏళ్ళు అలాగే బతికారు. ఒక ఊరు పొమ్మంటే ఇంకో ఊరు. ఐనా పుస్తకాలూ పండగలూ పారేసుకోకుండా ఎలా తీసుకుపోయారో తెలుసుకోవాలని ఉంది. వ్యాసంలో అదే రాశా."

సువార్తమ్మ తన సీసా మూత ఒకసారి తిప్పి బిగించింది. ఆమె కాంట్రాక్టు కూడా వచ్చే మార్చితో ఆఖరని అందరికీ తెలుసు.

"బాగా చెప్పావ్," అంది మెల్లగా. తర్వాత హెడ్ నర్సు గొంతు తిరిగొచ్చింది. "అయితే యొర్దాను నీళ్ళు తేవా?"

"తెస్తానమ్మగారూ. నది ఎక్కడికీ పోదుగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. వెనక వరసలోంచి ఒక బ్రదర్, "అయితే నా చీటీ కూడా ఉంచమ్మా!" అని అరిచాడు. సీసాలు ఒక్కటి కూడా వెనక్కి పోలేదు.

నవ్వనిది ఓబదయ్య ఒక్కడే. ముగింపు ప్రార్థన చెయ్యడానికి లేచి, రెండు ముక్కల్లో ముగించేశాడు. ఆయన ప్రార్థన అంత తొందరగా అయిపోవడం ఆ సహవాసంలో ఎవరూ ఎరగరు. అందరూ గబగబా బిర్యానీ తిని, కేకు తిని, వచ్చినట్టే ఇద్దరిద్దరుగా వెళ్ళిపోయారు.

మూడింటికి ఇంట్లో ముగ్గురే మిగిలారు.

ఓబదయ్య కుర్చీలు మడుస్తున్నాడు. మడిచినవే మళ్ళీ మడుస్తున్నాడు.

"ఏమండీ," అంది కృపామణి.

వారం తర్వాత నేరుగా వచ్చిన మొదటి మాట. ఓబదయ్య చేతిలో కుర్చీ జారి కాలి మీద పడింది.

"ఫోను తీయండి. ఎగ్జిట్ పెట్టండి దానికి."

జాయ్సీ నమ్మలేనట్టు తల్లి వైపు చూసింది. "నువ్వు వద్దన్నావుగా అమ్మా?"

"సేవకి వద్దన్నా. చదువుకి ఎప్పుడు వద్దన్నానే? నోరుండీ వారం రోజులు దాచావు, దానికి నిన్ను తర్వాత చూసుకుంటా." మొహంలో నవ్వు ఆపుకోలేకపోతోంది కృపామణి. "దానంతట అది ఒకటి కావాలనుకుందండీ! మీరిచ్చింది కాదు, నేనిచ్చింది కాదు. పెట్టండి."

"పెట్టను," అన్నాడు ఓబదయ్య.

"ఏంటీ?"

"సేవకైతే పంపుతానన్నా. దేవుడికి మాటిచ్చా. ఆ ఇరవై రోజులూ నువ్వు మంచం మీద ఉన్నావు కృపా. ఆ గాజుపెట్టె ముందు నిలబడింది నేను. అరచెయ్యంత బిడ్డ. గొట్టాలు. డాక్టరు నా మొహం చూడకుండా మాట్లాడేవాడు. నా దగ్గర ఇవ్వడానికి ఇంకేముందని? దాన్నే ఇస్తానన్నా." కింద పడ్డ కుర్చీ తీసి గోడకి ఆనించాడు. "ఆయన తన మాట నిలబెట్టుకున్నాడు. నేను తప్పమంటావా?"

ఎప్పుడూ నవ్వుతూ చెప్పే కథ అది. ఇలా చెప్పగా జాయ్సీ ఏనాడూ వినలేదు. నాన్న మీద ప్రేమా, తను చేసిన పనికి సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

కృపామణి కూడా ఒక్క క్షణం తడబడింది. భర్త పక్కకి వెళ్ళి, కాలి మీద కుర్చీ పడ్డ చోట వంగి చూసింది. వాచిందేమోనని నొక్కింది.

"తప్పొద్దు," అంది పైకి చూడకుండానే. "మొక్కుకుంది మీరు. బతికించింది ఆయన. మధ్యలో అదేం చేసింది? మాటిచ్చినవాళ్ళే వెళ్ళండి సేవకి. రిటైరయ్యాక మీకేం పని? మా అక్క ఉండే ఊరి పక్క ఊర్లోనే పాస్టరు లేడు. నేనూ వస్తా, అక్కడ మందులిచ్చేవాళ్ళూ లేరు."

ఓబదయ్య పాదం వెనక్కి లాక్కున్నాడు. భార్యని చూశాడు, కూతుర్ని చూశాడు. తర్వాత కుంటుకుంటూ పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

పావుగంటైంది. లోపల దగ్గు కూడా వినబడలేదు.

"అలిగాడు," అంది కృపామణి గుసగుసగా.

"ప్రార్థన చేస్తున్నాడేమో."

"చేస్తే మనకి వినబడాలిగా! మీ నాన్న లోలోపల ప్రార్థన చేసింది ఎప్పుడైనా చూశావా?"

లోపల ఫోనుకి మెసేజ్ వచ్చిన చప్పుడైంది. అబ్షిర్ తెరిస్తే వచ్చే ఓటీపీ నంబరే అయ్యుండాలి. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

తలుపు తెరుచుకుంది. ఓబదయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ మొహం తేటపడింది. ఫోను కూతురి ముందు పెట్టాడు. తెర మీద జాయ్సీ ఫొటో, పేరు, ఇఖామా నంబరు, కింద ఫైనల్ ఎగ్జిట్ అని ఆకుపచ్చ మీట.

"అన్నీ నింపేశా. అది మాత్రం నేను నొక్కను," అన్నాడు. "నువ్వు ఊపిరి కూడా తీసుకోలేనప్పుడు నీ బతుకు గురించి నేను మాటిచ్చేశా. అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. వెళ్ళాలనుంటే నువ్వే నొక్కు తల్లీ."

"నొక్కవే!" అంది కృపామణి.

జాయ్సీ వేలు తెర దాకా వెళ్ళి ఆగింది.

కిటికీ బయట పొద్దువాలే వేళ చేసే అసర్ నమాజు పిలుపు మొదలైంది. పైఅంతస్తులో కరీమున్నీసా కుళాయి తిప్పిన చప్పుడు. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి. పుట్టిన దగ్గర్నుంచీ ఈ వేళప్పుడు ఇవే. నెల రోజులుగా అక్కడికి వెళ్ళడం గురించే ఆలోచించింది. ఈ మీట నొక్కాక తన ఇంటికి తను మళ్ళీ రాలేనన్న సంగతి, పొద్దున విన్నదే అయినా, ఆమెకి ఇప్పుడే నిజంగా తట్టింది.

"నాన్నా," అంది, ఫోను మీంచి కళ్ళు తియ్యకుండా. "నేను వెళ్ళాక మీ ఇద్దర్నీ చూడాలనిపిస్తే ఎక్కడికి రావాలి?"

ఓబదయ్య కృపామణి వైపు చూశాడు. కృపామణి ఓబదయ్య వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి ప్రార్థనకి కళ్ళు మూసుకున్నారు.